ఆఫీసు నుంచి రిటైరైన ప్రింటర్

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత లేజర్ ప్రింటర్ అడిగితే కొట్టతను ముందు ధర చెప్పాడు. నేను కాన్ఫిగరేషన్ పేజీ తీయమన్నాను. అందులో పేజీ కౌంట్ ఉంటుంది, బండికి కిలోమీటర్ల రీడింగులా. లక్ష దాటిందని బెదరక్కర్లేదు, పెద్ద ఆఫీసు మిషన్లు ఆ చాకిరీకే పుట్టినవి. అరిగేవి కాగితాన్ని లాగే రబ్బరు రోలరూ, టోనర్ పొడిని కరిగించి అంటించే ఫ్యూజరూ.

ఎప్పుడో ఓ కాగితం తీసే మా ఇంట్లో ఇంక్‌జెట్ నాజిళ్లు ఎండిపోయేవి. టోనర్ అసలే పొడి, ఇక ఎండేదేముంది! కాకపోతే ఫ్యూజర్ సుమారు 200 డిగ్రీలకు వేడెక్కాలి. ఆ కాసేపు కరెంటు బాగా లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు తగిలించకూడదు.

సగం బల్ల ఆక్రమిస్తుందని ఇంట్లో గొణుగుడు. నిజమే. పైగా కొత్త కాట్రిడ్జి ధర ఒక్కోసారి పాత ప్రింటర్ ధరనే మించిపోతుంది. మా వీధి చివర రీఫిల్ చేసే కుర్రాడున్నాడు గనక బేరం ఖాయం చేశాను.