మా సట్టికి కూరేదీ?

మా మాదిగ గేరిలో కూరగాయలు కొనడం కొత్తగా వచ్చిన ఖర్చు. మా అవ్వ కాలంలో కూర కొనేది లేదు. జొన్నచేలో కలుపు తీసి, పొద్దుగూకి వస్తా ఒడినిండా చెంచలాకు, దొగ్గలాకు, గురుగాకు తెచ్చేది. కూలీ జొన్నలే. ఆసామి కొలత తక్కువ కొలిచినా ఆ పూటకు రొట్టె, ఆకుకూర ఉండేవి. అది మంచికాలమని అనను. ఎవరి చేలో ఆకు గిల్లాలన్నా వంగి దండం పెట్టాల్సిందే.

ఆదోని, ఎమ్మిగనూరు పొలాల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది. కూలి రూపాయలైంది. మందు కొట్టిన పత్తిచేలో ఆకు ఎవరు తింటారు? 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం మా ఆకలిని ఆపింది, కాదనను. 2023 నుంచి కేంద్రం ఇచ్చే రేషన్ బియ్యానికి డబ్బే లేదు. కానీ ఆ కార్డు మీద వంకాయ రాదు. నా బడి పిల్లల తల్లిదండ్రులు సుగ్గికని గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోతారు. మూటలో బియ్యం ఉంటాయి. కూర ఉండదు. కారం మెతుకులే.

1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనాయి. దళారి లేడు, రైతే అమ్ముతాడు, ధర బోర్డు మీద రాస్తారు. మంచిదే. అయితే అమ్మాలంటే పొలం, పంట చూసి గుర్తింపు కార్డిస్తారు. మా గేరిలో పొలం ఎందరికుంది? కొనాలంటే ఆదోనికి పోవాలి. తగ్గిన ధర బస్సు చార్జీకే సరి. రైతుకూ పట్నానికీ మధ్య దళారిని తీసేసినారు. ఆ చేలో నడుము వంచినోళ్ళు మాత్రం లెక్కలోకే రాలేదు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో 2009లో ఒక పథకం పెట్టినారు. పేదలు ఆహార సాయం డబ్బుతో రైతుసంతలో కొంటే, కూరగాయలకు అంతే విలువ అదనంగా ఇస్తారు. రైతుకూ బేరమే, పేదకూ కూరే. మన రేషన్ కార్డు మీద, మన ఊరి సంతలో అట్లాంటిది ఎందుకు రాకూడదు?

అంతటితో ఆగకూడదు. జహీరాబాదు దిక్కు దళిత ఆడోళ్ళు సంఘాలు కట్టి, 1990లలో బీడు భూముల్లో జొన్న పండించి, ఊర్లోనే నిలవచేసి, ఊరి పేదలకు తక్కువ ధరకు తామే పంచినారు. చేయి చాచినోళ్ళే కొలిచి ఇచ్చినారు.

సభల్లో మనం రైతుకు గిట్టుబాటు ధర అడుగుతాం. అడగాల్సిందే. దాని పక్కనే కూలోళ్ళ సట్టిలోకి కూర, కూర పండించుకోను ఎకరా నేల అడగాలి. ఈ మాట మన కరపత్రంలో ఇంకా రాలేదు.