వీథివారి పొత్తు

2018 వ సంవత్సరపు వేసవిలో నొకనాటి సాయంకాలము మా ఫోనునకు వాట్సాప్ మూలమున నొక వార్త వచ్చెను. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా యూరిలో దిగినదనియు, క్రొత్తవారు కనబడినచో విడువరాదనియు దాని సారాంశము. పంపినవారు మా బంధువులే, పెద్దచదువులు చదివినవారే. మేము దానిని మఱియొకమాఱు చదువకయే నలువదిమంది గల మా వీథి గ్రూపునకు పంపితిమి. పరోపకారము చేసితిమని సంతసించితిమి కూడ! ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని వ్రాయక తప్పదు.

మఱునాటి యుదయమున వీథిలో కేకలు వినవచ్చెను. పాతచీరలకు స్టీలుగిన్నెలు మార్చు నొక ముసలమ్మను పదునైదుమంది చుట్టుకొని యామె మూటను లాగుచుండిరి. ఆమె యింటిభాష తెలుగు కాదు. వచ్చిన నాలుగు మాటలును భయముచే నోటికి రాకుండెను. ఒకని చేతిలో కఱ్ఱ యుండెను. అంతలో వీథిమొగనున్న ముస్లిము దర్జీ మిషను వదలి పరుగున వచ్చి, ఆ కఱ్ఱవానిని పేరుపెట్టి పిలిచి, “ఈ అవ్వ పదేండ్లబట్టి మన వీథికి వస్తున్నదే! మీ ఇంట్లో అన్నం తినే గిన్నె ఎవరిచ్చింది, బాబూ?” అనెను. పేరు విన్నవాడు తల వంచుకొనెను. కఱ్ఱ క్రిందికి దిగెను.

ఆ దర్జీగారు మా గ్రూపులో లేరు. ఆయనను చేర్పవలయునని యెవ్వరికిని తోచలేదు, మాకును తోచలేదు.

ఆ యేడు దేశమున ననేకస్థలములలో నిట్టి వదంతులకే నిరపరాధులు బలియైరి. జూలైలో వాట్సాప్ వా రొక వార్తను మనదేశమున నొక్కమాఱున ఐదుచోట్లకే పంపునట్లు కట్టడి చేసిరి. తెలంగాణమునందలి జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు చేసినపని మా కంతకంటె నచ్చినది. ఆమె కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, జానపదగీతములతో వదంతులను ఖండింపజేసిరి. పల్లెవారికి తెలిసిన ముఖము వచ్చి చెప్పినమాట తెలియని చేయి పంపిన బొమ్మకంటె బలమైనది కదా!

అయినను పరిచయ మొక్కటియే చాలునా? అశుతోష్ వార్ష్ణేయగారు 2002 లో ప్రకటించిన గ్రంథమున, 1950 మొదలు 1995 వఱకు నగరములలో హిందూ ముస్లిము కలహములయందు మృతులైనవారిలో సగమునకు దగ్గఱగా నెనిమిది నగరములవారే యని చూపిరి. వానిలో మన హైదరాబాదును కలదు. పండుగనాడు మిఠాయి పంచుకొనుట నగరములకు చాలదనియు, ఉభయులును కలసి నడపు వర్తక, కార్మికసంఘములే గట్టికట్టలనియు వారి సిద్ధాంతము. 1970 లోను 1984 లోను రక్తము చూచిన భీవండిలో సురేశ్ ఖోపడే యను పోలీసధికారి 1988 లో మొహల్లా సంఘములను నెలకొల్పెను. 1992-93 లో సమీపమున బొంబాయి మండుచుండగా భీవండి శాంతముగా నుండెను. మా వీథిలో నానాడు పదునైదుగురికి బదులు ఐదువందలమంది యుండినచో, ఒక్క దర్జీగారి గొంతు వినబడియుండునా?

ఆయనను గ్రూపులో చేరుమని యడుగబోతిమి. ఆయన నవ్వి, “ఫోనులో తరువాత కలుద్దాం లెండి, ముందు మా ఇంటికి రండి” అనిరి. అట్లు మొదలైనది మా నెలనెలా కూటమి, వంతులవారీగా నొక్కొక్కరి యింట. మా యింటిపెద్దమ్మగారు మూడునెలలు ఆ యింట టీ ముట్టలేదు. నాలుగవనెల చక్కెర తక్కువైనదని వంక పెట్టిరి. దానికే మేము పండుగ చేసికొంటిమి! కంటితో చూచినవారితో మాటలాడక యే భయవార్తయు గ్రూపున పెట్టరాదని నియమించుకొంటిమి. ఇద్దఱు కోపించి వెడలిపోయిరి. ఊరేగింపునాటి మైకు తగవు ఇప్పటికిని ఏటేట వచ్చుచునే యున్నది. కాని 2020 లాక్‌డౌనునందు ఎవరింట మందులు లేవో, ఎవరింట బియ్యము నిండుకొన్నవో ఆ గ్రూపు మూలముననే తెలిసినది. గడపకు చేర్చినవారు కూటమివారే.

ఆ ముసలమ్మ మాత్రము ఆ దినము తరువాత మా వీథికి రాలేదు. దర్జీగారు సంతలో రెండుమాఱులు విచారించిరి, జాడ తెలియలేదు. ఆమె యిచ్చిన లోతుగిన్నె మా వంటయింట నున్నది. దానిలోనే నేటికిని మజ్జిగ చేయుచున్నాము.