చీకటి పడితే నల్లకళ్ళు

పెరట్లో ఆనపపాదు మీద ఓ గొల్లభామ ఉంది. రాత్రి టార్చి వేసి చూస్తే దాని కళ్ళు రెండూ కాటుక మెత్తినట్టు నల్లగా ఉన్నాయి. పొద్దున చూద్దును కదా, అదే తీగ, అదే పురుగు, కళ్ళు మాత్రం ఒంటితోపాటు లేతాకుపచ్చ! ఓలమ్మో, ఇదేటి!

మూడు రోజులుగా నరసన్నపేటలో కనిపించినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను. "ఏట్రా, ఆ పురుగు నీకు అన్నం పెడతాదా?" అంటోంది మా అమ్మ. అననీ. ఆ కంట్లో ముదురు వర్ణకం ఉంటుందట. చీకటి పడితే అది పక్కకి జరిగి, ఉన్న కాస్త వెలుతురూ లోపలికి పోవడానికి దారిస్తుంది. తెల్లారేసరికి మళ్ళీ యథాస్థానం. రోజూ ఇదే పని! పగలు ఆ కంట్లో కనిపించే నల్లచుక్క ఇంకో మాయ. మనం ఎటు జరిగితే అటే జరుగుతుంది. నిజానికి అది కనుపాపే కాదు. వేలాది చిన్నికళ్ళలో సూటిగా మనవైపు తిరిగినవి వెలుగుని మింగేస్తాయి కాబట్టి అక్కడ నలుపు కనిపిస్తుంది, అంతే.

ఒంటి రంగు మాత్రం ఇంత తొందరగా మారదు. ఊసరవెల్లిలా అప్పటికప్పుడు కుదరదు. కొత్త రంగు చాలావరకు కుబుసం విడిచినప్పుడే తేలుతుంది. బిలివర్డిన్ అనే నీలి వర్ణకం, పసుపు కెరోటినాయిడ్లు కలిస్తే పచ్చ. గాలిలో తేమ, ఎండ, వెలుతురు బట్టి కొన్ని జాతుల్లో పిల్లపురుగు పచ్చది కాస్తా గోధుమరంగుకి తిరుగుతుంది. వంశధార నీళ్ళతో పచ్చగా ఉన్న మన వరిచేలు కోతలనాటికి ఎలా మారతాయో తెలిసిందే. అలాంటిచోట ఆ రంగే ప్రాణం.

మాట వరసకి అనడం లేదు. 1904లో చెస్నోలా అనే ఆయన ఇటలీలో గొల్లభామల్ని పట్టుదారాలతో గడ్డికి కట్టేసి చూశాడు. పచ్చగడ్డిలో కట్టిన 20 పచ్చవీ బతికాయి. ఎండుగడ్డిలో కట్టిన 25 పచ్చవీ 11 రోజుల్లోపే పోయాయి, ఎక్కువగా పిట్టల నోట పడి. పాపం, కట్టేసి మరీ! కానీ ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

అన్నిటినీ మించిన సంగతి ఇంకోటుంది. ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లో గడ్డినేలలు తగలబడిపోయాక, కొన్ని జాతుల పిల్లలు తర్వాతి కుబుసం విడిచి నల్లగా బయటికొస్తాయి. కాలిన నేల మీద నల్ల గొల్లభామ! దాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలి నేను.