మా ఇంట్లో ఇంజెక్టర్లు మార్చిన రోజు

మాది హోసూరు పక్కన బాగలూరు దారిలో ఒక పల్లె. ఇక్కడ ఎటు చూసినా గులాబీ తోటలే. మాకూ అర ఎకరం తోట ఉంది. మా నాయన తెల్లవారుజామున రెండు గంటలకే పూలు వ్యానులో వేసుకుని బెంగుళూరు కె.ఆర్. మార్కెట్టుకు పోతాడు. మా పూలే కాదు, ఊళ్లో ఇంకో నాలుగిళ్ల పూలు కూడా అందులోనే పోతాయి. వాళ్లిచ్చే బాడుగతోనే మా ఇల్లు నడుస్తుంది.

పోయిన ఎండాకాలం, పెళ్లిళ్లు జోరుగా ఉన్న రోజుల్లో వ్యాను మొరాయించింది. నిలబెట్టి ఉంచితే ఇంజన్ గడగడా వణుకుతుంది. ఎత్తు వస్తే లాగదు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 11కి దిగింది. మెకానిక్కులు దీన్ని 'మిస్సింగు' అంటారు. ఉన్న మూడు సిలిండర్లలో ఒకటి పని మానేసి, మిగతా రెండిటి మీద భారం వేసిందన్నమాట. ఒక షెడ్డులో చూపిస్తే మూడు ఇంజెక్టర్లూ మార్చాలి, 9,000 రూపాయలు అవుతుంది, బండి మూడు రోజులు వదిలిపెట్టాలి అన్నారు. నాయనకు డబ్బు కన్నా ఆ మూడు రోజులే భయం. పువ్వు మన కోసం ఆగదు కదా!

మా మామ హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. సంగతి విని శనివారం సాయంత్రం వచ్చినాడు. "ఇంట్లోనే చేద్దాం బావా. అయితే ముందు జబ్బు ఏందో తెలియాల. మందు ఆ తర్వాత" అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "ఇంటి ముందర పెట్రోలుతో పనా? పిల్లోళ్లు తిరిగే చోటు!" అంది. అమ్మ చెప్పింది న్యాయమే. అందుకని పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట, చింతచెట్టు కింద వ్యాను నిలబెట్టినారు. ఒక బకెట్టు నిండా ఇసుక పెట్టినారు. పని అయ్యేదాకా ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదని అమ్మే షరతు పెట్టింది.

ఇంజెక్టరు బొటనవేలంత ఉంటుంది. లోపల రాగి తీగ చుట్ట, దాని కింద చిన్న సూది. చుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై సూదిని పైకి లాగుతుంది. ఆ సందులోంచి పెట్రోలు మంచులాగా చిమ్ముతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు సూదిని మూసేస్తుంది. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగేటప్పుడు, చాలా బండ్లలో ఒక్కో ఇంజెక్టరు నిమిషానికి 400 సార్లు తెరుచుకుంటుంది. తెరుచుకునేది ప్రతిసారీ సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో, అంతే.

ఆదివారం పొద్దున ముందు సీటు లేపి ఇంజన్ స్టార్ట్ చేసినారు. మామ ఒక్కో ఇంజెక్టరు కనెక్టరు పీకి చూసినాడు. ఒకటోది, రెండోది పీకితే ఇంజన్ ఇంకా తడబడింది. మూడోది పీకితే శబ్దంలో ఏ మార్పూ లేదు. అంటే పని చేయనిది అదే. స్పార్కు ప్లగ్గు మార్చి చూసినా అదే తీరు. ఇంజన్ ఆపి, మల్టీమీటరు పెట్టినాడు. రెండు ఇంజెక్టర్లు 14 ఓములు చూపించాయి. మూడోదానికి అంకే రాలేదు.

"పాపా, ఇది రెసిస్టెన్సు" అన్నాడు మామ. "మా పాఠంలో నిరోధం అంటారు మామా" అన్నాను. పదో తరగతి పుస్తకంలో చదివిన ఓం నియమం గుర్తుకొచ్చింది. 12 వోల్టులను 14తో భాగిస్తే సుమారు 0.86 ఆంపియర్లు. ఆ కరెంటే సూదిని లేపుతుంది. మూడోదాంట్లో తీగ తెగింది కాబట్టి కరెంటు సున్నా. మామ నా లెక్క చూసి, "నేను మీటరు చూస్తా గానీ, లెక్క వేసి చూడలేదు" అని నవ్వినాడు.

రెండు బాగున్నాయి గదా, ఒకటే మారిస్తే చాలదా అని నాయన అడిగినాడు. "మూడూ ఒకే వయసువి. పాతదీ కొత్తదీ కలిపితే పెట్రోలు సమంగా పడకపోవచ్చు. బాగున్నవి దాచుకో, ఆపదకు పనికొస్తాయి" అన్నాడు మామ. రబ్బరు రింగులతో సహా మూడింటికి 4,800 అయింది.

ఇంజన్ బాగా చల్లారినాక అసలు పని. ఇంజెక్టర్లకు వచ్చే పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. కారు టైరులో గాలి కన్నా ఎక్కువ. అందుకే మొదట పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపినారు. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు విప్పినారు. అంత చేసినా పైపు ఊడదీస్తే కాస్త పెట్రోలు కారింది. దానికి గుడ్డ ముందే చుట్టి పెట్టుకున్నాం. ఇంజెక్టర్ల చుట్టూ ఉన్న దుమ్మును బ్రష్షుతో తుడిచి, గాలి కొట్టినాం. లేకపోతే మన్ను నేరుగా ఇంజన్ లోపల పడుతుంది. వైర్లకు ఒకటి, రెండు, మూడు అని కాగితాలు అంటించే పని నాది.

మూడు ఇంజెక్టర్లూ బయటికొచ్చినాక మామ పాత రింగులు లెక్కపెట్టినాడు. ఒక్కోదానికి రెండు చొప్పున ఆరు ఉండాలి. ఐదే ఉన్నాయి. టార్చి వేసి వెతికితే ఆరోది రెండో రంధ్రంలో అతుక్కుని కనిపించింది. నా చెయ్యి చిన్నది కాబట్టి నేనే మెల్లగా తీసినాను. దాని మీదనే కొత్తది పెట్టి ఉంటే సరిగా కూర్చోదు, సందులోంచి గాలి దూరి మళ్లీ మిస్సింగు వచ్చేది.

కొత్త రింగులకు చుక్క ఇంజన్ ఆయిలు రాసి, ఇంజెక్టర్లను వంకర పోకుండా నిటారుగా నొక్కినారు. బోల్టులు ఇటొకటి అటొకటి కొంచెం కొంచెంగా బిగించినారు. ఫ్యూజు, బ్యాటరీ తగిలించినాక వెంటనే స్టార్ట్ చేయలేదు. తాళం తిప్పి పంపు మాత్రం మూడుసార్లు ఆడించి, ఎక్కడైనా తడి ఉందా అని పది నిమిషాలు టార్చితో చూసినారు. వాసన కూడా చూసినారు. ఏమీ లేదు. అప్పుడు స్టార్ట్ చేస్తే రెండుసార్లు దగ్గి, మూడోసారికి ఇంజన్ నిదానంగా అందుకుంది. వణుకు పోయింది. ఆ రాత్రే పూలు బెంగుళూరు పోయినాయి.

ఒక మాట తప్పక చెప్పాలి. ఇది మామూలు పెట్రోలు బండి కథ. ఇప్పటి డీజిలు ఇంజన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. దాన్ని ఇంట్లో ముట్టకూడదు. పెట్రోలు బండి అయినా తెలిసిన పెద్దలు పక్కన లేకుండా పిల్లలు చెయ్యి పెట్టకూడదు.

"తమిళనాడులో ఉండి తెలుగులో చదివితే ఏం వస్తుంది?" అని మమ్మల్ని చాలామంది అడుగుతారు. ఆ రోజు నాకు జవాబు దొరికింది. సైన్సు అర్థమైతే ఏ భాషలో అర్థమైనా మీటరు చూపించే అంకె ఒకటే. నాకు అది మా అమ్మ మాటలో అర్థమైంది. అర్థమైంది కాబట్టే మామకు చెప్పగలిగాను, నాయనకూ చెప్పగలిగాను. మిత్రులారా, ఇంట్లో ఏదైనా చెడిపోతే దగ్గర నిలబడి చూడండి, పెద్దలను అడగండి. మన పుస్తకంలోని పాఠం అక్కడ ఏదో ఒక మూల పని చేస్తూ కనిపిస్తుంది.