కిటికీ మనదే, వీధి అందరిదీ

ఇంగ్లండ్‌లో మేం కొనుక్కున్న ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది. పైకీ కిందకీ జరిపే చెక్క కిటికీలు. చలికాలంలో సందుల్లోంచి గాలి కొట్టి కర్టెన్లు ఊగేవి. పాప దగ్గు చూడలేక మావారు తెల్ల ప్లాస్టిక్ కిటికీలకి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే, పక్కింటి పెద్దావిడ "ముందు కౌన్సిల్‌ని అడిగారా?" అన్నారు.

మా వీధి కన్జర్వేషన్ ఏరియాలో ఉందట. పాత వీధుల అందం చెడకుండా 1967 చట్టంతో మొదలైన పద్ధతి ఇది. కొత్త కిటికీలు పాతవాటిలాగే కనిపిస్తే మామూలుగా ఇళ్ళకి అనుమతి అక్కర్లేదు. కానీ మా వీధికి 'ఆర్టికల్ 4' కూడా ఉంది. అంటే వీధివైపు కిటికీలు మార్చాలంటే దరఖాస్తు పెట్టాలి. నిర్ణయానికి మామూలుగా 8 వారాలు.

"మన ఇంటి కిటికీకి ఒకరి అనుమతా!" అన్నారు అత్తయ్య ఫోన్‌లో. నాకూ ఒళ్ళు మండింది. ఆ రాత్రి మా పుట్టిల్లు గుర్తొచ్చింది. తాతయ్య చేయించిన టేకు కిటికీలు తీసేసి అల్యూమినియంవి పెడుతుంటే ఆగమన్నవాళ్ళు లేరు. పాత కలప కొనేవాడు వాటిని బండెక్కిస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది.

చివరికి వడ్రంగిని పిలిచి పాతవే బాగుచేయించాం. లోపలివైపు ఇంకో అద్దం బిగించాం. మాది లిస్టెడ్ ఇల్లు కాదు కాబట్టి దానికి అనుమతి అవసరం లేదు. ఇప్పుడు పాప గదిలో కర్టెన్ కదలడం లేదు.

మీరూ ఇలాంటి వీధిలో ఉంటే, అడ్వాన్స్ ఇచ్చేముందు కౌన్సిల్‌ని ఒక్కసారి అడగండి.