బాయి పైనున్న రాయి

తెలంగాణలో బొగ్గు గనిని 'బాయి' అంటారు. నీటి కోసం తవ్విన దానికీ నిప్పు కోసం తవ్విన దానికీ ఒకే మాట వాడడం వింతగా తోచవచ్చు గాని, గోదావరి లోయలో ఆ మాట సార్థకమే. అక్కడి బొగ్గూ, బొగ్గును కప్పిన ఇసుకరాయీ రెండూ ప్రాచీన నదుల చలవే.

ఆ పొరల వరుసకు అడుగున తాల్చేరు శిలలున్నాయి. హిమానీనదాలు ఈడ్చుకువచ్చిన గుండ్రాళ్లు వాటిలో చిక్కుకొని కనిపిస్తాయి. వేసవిలో నిప్పులు చెరిగే నేల కింద మంచు ఆనవాళ్లు! మంచు కరిగిన తరువాత నదులు పారాయి, వాటి ఒడ్డున చిత్తడి అడవులు పెరిగాయి. 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఆ అడవుల శేషమే బరాకర్ శిలల్లోని బొగ్గు. నది దారి మార్చుకొన్నప్పుడల్లా ఇసుక అడవిని కప్పింది. ఇసుక మీద మళ్లీ అడవి లేచింది. పగుళ్ల వెంట లోయ అడుగు మెల్లగా కుంగుతూ ఉండబట్టి పొర మీద పొర నిలిచింది. బొగ్గును ఆనుకొని ఉండే మట్టిపలకల్లో నాలుక వంటి ఆకుల అచ్చులు దొరుకుతాయి. గ్లాసోప్టెరిస్ అనే ఆ ఆకు అంటార్కిటికా రాళ్లలోనూ ఉంది.

ఈ శిలలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గోండ్వానా, అంటే గోండుల దేశం. తరువాత ఆ పేరే ఒక ప్రాచీన మహాఖండానికి చెల్లింది. ఖండానికి పేరిచ్చిన జనానికి సొంత నేల మీద హక్కు కాగితం దొరకడం ఎంత కష్టమైందో ఆదిలాబాదు రికార్డులకు తెలుసు.

1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి గ్రామం పేరు 1920లో కంపెనీకి వచ్చింది.

శాస్త్రజ్ఞుడు కంటితో చదివే రాతిని బాయి పనివాడు చెవితో చదువుతాడు. షిఫ్టు మొదట్లో సర్దారు పొడవైన కర్రతో కప్పును తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి బోలుగా మోగుతుంది. మందమైన ఇసుకరాయి చాలాకాలం నిలుస్తుంది. మట్టిపలక తేమ తగిలి పెచ్చులూడుతుంది. అందుకే అటువంటి చోట కొంత బొగ్గునే కప్పుగా వదిలి తవ్వుతారు. ఈ తేడాలు తెలియని వాడు ఇంటికి తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. బొగ్గు తీసిన ఖాళీల్లోకి గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా పంపి నింపే పద్ధతి ఒకటుంది. పూర్వం ఏ నదో అడవి మీద ఇసుక పోసింది. ఆ అడవి పోయిన చోట ఈ నది ఇసుక చేరింది.

ఓపెన్‌కాస్టు గనులలో కప్పు కూలే భయం లేదు. ఆ మేలును కాదనరాదు. కాని అక్కడ పైరాయికి 'ఓవర్‌బర్డెన్' అని పేరు. భారమన్న తరువాత దానిని దించుకోవడమే పని. ఊరు లేస్తుంది, రాయి పేలుతుంది, లారీలు గుట్టలుగా పోస్తాయి. గుట్టలో పై పొర కిందికీ, కింది పొర పైకీ చేరతాయి. ఆకు అచ్చు దొరికినా అది ఏ పొరదో చెప్పే ఆధారం ఉండదు. కొత్త గోడ తెరుచుకొన్న ప్రతిసారీ ఆ అచ్చులను ఏరి, చోటు రాసిపెట్టడానికి పట్టే కాలం బొగ్గు లెక్కలో చాలా స్వల్పం.

వానకాలంలో ఆ గుట్టల ఇసుక వాగుల్లోకి, వాగుల నుండి గోదావరిలోకి దిగుతుంది.