పిల్లల చేతికి భూతద్దం, నోట్‌బుక్కు

ఈ ఎండాకాలం సెలవుల్ల మన నస్పూర్ పిల్లలకు ఒక క్యాంపు పెడదామా? సైన్సు చేతులతో చెయ్యాలె, చేసింది వార్తగ రాయాలె.

దుమ్మును కొలిచేటందుకు తెల్ల కాగితాలకు గడులు గీసి, వ్యాజ్‌లైన్ రాసి ఒకటి డాబా మీద, ఒకటి రోడ్డు పక్కన, ఒకటి ఇంట్ల పెట్టాలె. తెల్లారి భూతద్దం కింద ఒక్కో గడిల ఎన్ని రవ్వలున్నయో లెక్కపెట్టాలె. "దుమ్ము ఎక్కువైంది" అంటే వార్త కాదు. ఎక్కడ, ఏ రోజు, ఎంత, గాలి ఎటు దిక్కు నుంచి వచ్చింది, ఇవన్నీ ఉండాలె. నల్లగ కనబడ్డదల్లా బొగ్గే అని రాయొద్దని కూడా అక్కడనే నేర్పాలె. నాకైతే అన్నిటికంటే ముఖ్యం అదే.

ఇగ బాయిల సైన్సు చెప్పేటందుకు, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల్ల పనిచేసి రిటైరైన పెద్దమనుషులు మన గల్లీల్లనే ఉన్నరు. బాయి లోపలి గాలిల మీథేన్ వాయువు 5 నుంచి 15 శాతం దాక ఉంటే పేలే ప్రమాదం. పాతకాలంల దాన్ని సేఫ్టీ ల్యాంపు మంట మీద లేచే నీలిరంగును చూసి పసిగట్టేటోళ్లు. ఆ సంగతులు పిల్లలు వాళ్లనే అడిగి రాసుకోవాలె. "తాతా, కిందికి దిగేటప్పుడు భయమైతుండెనా?" అని కూడా అడగాలె.

పిల్లలు రాసిన వార్తలు పెట్టే గోడపత్రికకు డ్రాయింగ్ షీట్లు నేను తెస్త. నాలుగు భూతద్దాలు, పొద్దున పూట ఒక గది ఎవరన్నా ఇస్తరా?